ఎనిమిది నెలల జీతం



2022 అక్టోబరు 14 తెల్లవారుజామున నైజీరియా రాజధాని అబుజా నుంచి ఒక ప్రకటన వచ్చింది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల అధ్యాపకులకు ఒక సంఘం ఉంది. పేరు పెద్దది, అందరూ 'అసూ' అంటారు. ఫిబ్రవరి 14న మొదలుపెట్టిన సమ్మెను ఆ సంఘం సరిగ్గా ఎనిమిది నెలలకు ఆపేసింది. విశ్వవిద్యాలయాల తాళాలు తీశారు. విద్యార్థులు పెట్టెలు సర్దుకుని హాస్టళ్లకు బయల్దేరారు. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు.

అధ్యాపకులు మాత్రం ఒక్క నైరా పెంపు లేకుండా, కొత్త ఒప్పందం లేకుండా, దాదాపు ఎనిమిది నెలల జీతం చేతికి రాకుండా తరగతి గదుల్లోకి తిరిగొచ్చారు. ఆ నెలాఖరున వాళ్ల ఖాతాల్లో సగం జీతం పడింది. 14వ తేదీ నుంచి పనిచేసిన రోజులకే లెక్కగట్టి వేశారు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన ప్రొఫెసర్‌కి కూడా దినకూలీకి కట్టినట్టే రోజుల లెక్క కట్టారు. సంఘం బాగా నొచ్చుకున్నది ఈ లెక్క దగ్గరే. నవంబరులో చాలా క్యాంపస్‌లలో లెక్చరర్లు ప్లకార్డులు పట్టుకుని మళ్లీ బయటికొచ్చారు.

సమ్మె నడుస్తున్నంతకాలం ఉద్యోగం వదిలేద్దామనే ఆలోచన పెద్దగా రాదు. పోరాటం ఉంది, పక్కన తోటివాళ్లున్నారు, ఏదో ఒకటి తేలుతుందన్న ఆశ ఉంది. ఆ ఆలోచన సమ్మె ముగిశాకే వస్తుంది. ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా కూర్చుని, పేరుకుపోయిన జవాబు పత్రాలు ముందేసుకున్నప్పుడు వస్తుంది. నైజీరియాలో ఆ తరువాతి రెండు మూడేళ్లలో జరిగింది అదే. ఎందుకలా జరిగిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నైజీరియాలో ఉన్నత విద్యకు పునాది 1948లో ఇబాదన్‌లో పడింది. అప్పట్లో అది లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాల. 1960లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే న్సుక్కాలో మరో విశ్వవిద్యాలయం పుట్టింది. 1962లో జారియా, ఇఫే, లాగోస్ వచ్చాయి. ఇవి నామమాత్రపు సంస్థలు కావు. న్సుక్కాలో చినువా అచెబే పాఠం చెప్పారు. ఇఫేలో వోలే షోయింకా పాఠం చెప్పారు. ఆఫ్రికా ఖండానికి తొలి సాహిత్య నోబెల్ 1986లో ఆ షోయింకాకే దక్కింది. 1970లలో చమురు డబ్బు వచ్చిపడ్డాక బయటి దేశాలవాళ్లు అక్కడికి ఉద్యోగాలకు క్యూ కట్టారు. మన దేశం నుంచి ఎందరో టీచర్లు, లెక్చరర్లు వెళ్లారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1980లో ఒక నైరా ఇస్తే డాలరున్నర పైనే వచ్చేది. అక్కడ పాఠం చెప్పి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా కనిపిస్తారు.

ఆ తరువాత చమురు ధర పడిపోయింది, అప్పులు పెరిగాయి. 1986లో సైనిక పాలకుడు బాబంగిడా ఆర్థిక సర్దుబాటు కార్యక్రమం తెచ్చాక నైరా విలువ జారిపోయింది. బయటినుంచి వచ్చినవాళ్లు ముందు వెళ్లిపోయారు, వాళ్ల వెనక సొంత దేశపు ప్రొఫెసర్లు బయల్దేరారు. అంతకు కొంచెం ముందే, 1980ల మధ్యలో, ప్రభుత్వం టీవీలో ఒక ప్రకటన వేయించింది. అందులో ఆండ్రూ అనే యువకుడు ఈ దేశంలో ఏదీ సక్రమంగా లేదని విసుక్కుంటూ బ్యాగు పట్టుకుని వెళ్లిపోతుంటాడు. వెళ్లొద్దని అతనికి నచ్చజెప్తారు. ఎనెబెలి ఎలెబువా అనే నటుడు వేసిన ఆ పాత్ర దేశమంతా గుర్తుండిపోయింది. చాలాకాలం పాటు దేశం వదిలి వెళ్లేవాళ్లను ఆండ్రూలనే పిలిచారు. ఆ వెళ్లిపోవడాన్ని ఇప్పటి కుర్రాళ్లు 'జపా' అంటున్నారు. నలభై ఏళ్లలో పేరు మారిందే తప్ప ప్రయాణం ఆగలేదు.

అసూ 1978లో పుట్టింది. జీతం కోసం మొదలైన సంఘం సైనిక పాలన కాలంలో ప్రజాస్వామ్యం కోసమూ గొంతెత్తింది. 1988లో సమ్మె చేస్తే బాబంగిడా ప్రభుత్వం సంఘాన్నే నిషేధించింది. 1992లో మరోసారి నిషేధించి, కొద్ది రోజులకే, సెప్టెంబరులో, అదే సంఘంతో ఒప్పందం మీద సంతకం చేయాల్సి వచ్చింది. అప్పుడు సంఘానికి అధ్యక్షుడు అటాహిరు జెగా. తరువాతి కాలంలో ఆయన దేశ ఎన్నికల సంఘం అధ్యక్షుడై 2015 ఎన్నికలు నడిపించారు. పదవిలో ఉన్న అధ్యక్షుడు ఓడిపోయి, గెలిచినవాడికి శాంతియుతంగా అధికారం అప్పగించడం ఆ దేశంలో అదే మొదటిసారి. ఈ సంఘం ఎలాంటి మనుషులను తయారుచేసిందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

అసలు కథ 2009తో మొదలవుతుంది. ఆ ఏడాది సుదీర్ఘమైన సమ్మె తరువాత అక్టోబరులో ప్రభుత్వమూ సంఘమూ ఒక ఒప్పందానికి వచ్చాయి. జీతాలు, అదనపు పనికి భత్యాలు, విశ్వవిద్యాలయాలకు నిధులు, వాటి స్వయంప్రతిపత్తి, అన్నీ అందులో ఉన్నాయి. మూడేళ్లకోసారి దాన్ని తిరిగి చూసుకోవాలని కూడా రాసుకున్నారు. అంటే మొదటి సమీక్ష 2012లో జరగాలి. ఆ 2012లో జరిగింది సమీక్ష కాదు, ఒక తనిఖీ. ప్రభుత్వమే వేసిన కమిటీ 61 ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు తిరిగి చూసి నివేదిక ఇచ్చింది. కొన్ని ప్రయోగశాలల్లో బన్సెన్ బర్నర్ల స్థానంలో కిరోసిన్ స్టౌలు వాడుతున్నారని అందులో ఉంది. మొత్తం 37,504 మంది అధ్యాపకుల్లో పీహెచ్‌డీ ఉన్నవాళ్లు 43 శాతమేనని ఉంది. ఇది సంఘం చేసిన ఆరోపణ కాదని గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం తన కళ్లతో చూసి తానే రాసుకున్న మాట.

విశ్వవిద్యాలయాలను నిలబెట్టడానికి 1.3 లక్షల కోట్ల నైరాలు కావాలని లెక్క తేలింది. 2013లో అయిదున్నర నెలల సమ్మె జరిగింది. మొదట 20,000 కోట్లు, ఆ తరువాత అయిదేళ్లపాటు ఏటా 22,000 కోట్లు ఇస్తామని ఆ ఏడాది చివర ప్రభుత్వం రాసిచ్చింది. మొదటి విడత అందింది. మిగతా వాటి కోసం ఆ తరువాత ప్రతి సమ్మెలోనూ అడుగుతూనే వచ్చారు. ఆ 2013 సమ్మెలోనే సంఘం ఒక పెద్దమనిషిని పోగొట్టుకుంది. ఫెస్టస్ ఇయాయి మాజీ అధ్యక్షుడు, పేరున్న నవలాకారుడు, కామన్వెల్త్ రచయితల బహుమతి అందుకున్నవాడు. కానోలో సంఘం సమావేశానికి వెళ్తుండగా దారిలో కోగి రాష్ట్ర గవర్నర్ కాన్వాయ్ వాహనం తగిలిన ప్రమాదంలో నవంబరు 12న చనిపోయారు.

ఆ సమ్మె జరుగుతున్నప్పుడే ఒక పత్రికా రచయిత, అసూ మాటిమాటికీ సమ్మెకు ఎందుకు దిగుతుందో వివరిస్తూ, తప్పు ప్రభుత్వానిదేనని గట్టిగా వ్యాసం రాశాడు. ఆయన పేరు అదము అదము. రెండేళ్లు తిరగకుండానే ఆయన దేశానికి విద్యాశాఖ మంత్రి అయ్యారు. 2020లో మార్చి నుంచి డిసెంబరు దాకా తొమ్మిది నెలలు సమ్మె జరిగినప్పుడూ, 2022లో ఎనిమిది నెలలు జరిగినప్పుడూ ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. 2022 ఆగస్టులో సమ్మెకాలపు జీతం ఇచ్చేది లేదని చెప్పిందీ ఆయనే. నష్టపోయిన విద్యార్థులు అసూ మీదే కోర్టుకు వెళ్లొచ్చని కూడా అన్నారు. తమ బాధ ఎరిగినవాడని నమ్మిన మనిషి నోట ఆ మాట రావడం లెక్చరర్లకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

2022 నాటి గొడవలో మరో ముడి జీతాల సాఫ్ట్‌వేర్. కేంద్రీకృత జీతాల వ్యవస్థలోకి విశ్వవిద్యాలయాలనూ తెచ్చారు. అబుజాలో కూర్చున్న గుమాస్తా దగ్గర ఆగిపోతే వందల మైళ్ల దూరంలోని లెక్చరర్ జీతం ఆగేది. సబాటికల్ మీద వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లినవాళ్లు, అతిథి అధ్యాపకులు ఆ లెక్కల్లో ఇమడేవాళ్లు కాదు. పోటీగా అధ్యాపకులే సొంతంగా ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి ప్రభుత్వానికి చూపించారు. దాని మీద పరీక్షలు, నివేదికలు, వాదనలు సాగాయి తప్ప అమలు కాలేదు. అప్పటి సంఘం అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ ఒసోడెకే ఉముడికే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మృత్తికా శాస్త్రం ప్రొఫెసర్. చదువుకున్న మనిషి నెలల తరబడి జీతాల సాఫ్ట్‌వేర్ గురించి మంత్రులతో వాదించాల్సి రావడం ఆ దేశానికి జరిగిన నష్టమే.

విద్యార్థుల కష్టం తక్కువని ఎవరూ అనలేరు. నాలుగేళ్ల డిగ్రీకి చేరినవాళ్లకు ఆరేళ్లు పట్టింది. సెప్టెంబరులో వాళ్లు లాగోస్ విమానాశ్రయానికి వెళ్లే దారిని దిగ్బంధం చేశారు. చదువు ఆగిన ఆడపిల్లలకు పెళ్లిళ్లు కుదిర్చేసిన ఇళ్లున్నాయి. దుకాణాల్లో, బైక్ టాక్సీల మీద పనికి కుదిరిన కుర్రాళ్లు కొందరు మళ్లీ పుస్తకం పట్టలేదు. లెక్చరర్ల పిల్లలు కూడా ఆ విశ్వవిద్యాలయాల్లోనే చదువుతున్నారు. అంటే ఒకే ఇంట్లో జీతమూ ఆగింది, చదువూ ఆగింది.

ప్రభుత్వం చివరికి కోర్టుకు వెళ్లింది. సెప్టెంబరు 21న జాతీయ పారిశ్రామిక న్యాయస్థానం పనిలోకి తిరిగి వెళ్లమని ఆదేశించింది. అక్టోబరు మొదట్లో కార్మిక మంత్రి క్రిస్ న్గిగే మరో రెండు అధ్యాపక సంఘాలకు గుర్తింపు పత్రాలు అందజేశారు. సమ్మె మధ్యలో పోటీ సంఘాలను నిలబెడితే దాని అర్థమేమిటో మన కార్మికులకు వివరించనక్కర్లేదు. పార్లమెంటు దిగువ సభ స్పీకర్ మధ్యవర్తిత్వం, కోర్టు ఆదేశం, అన్నీ కలిసి సమ్మె ఆగింది. డిమాండ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక 'నో వర్క్ నో పే'. చేయని పనికి జీతం ఎందుకివ్వాలని ప్రభుత్వం అడిగింది. నైజీరియా కార్మిక వివాదాల చట్టంలో 43వ సెక్షన్ దానికి అవకాశం ఇస్తోంది. కార్ఖానాలో సమ్మె జరిగితే ఆ రోజు తయారు కావాల్సిన వస్తువు తయారు కాదు, ఆ రోజుతో అది పోయినట్టే. విశ్వవిద్యాలయంలో అలా జరగదు. సిలబస్ ఎక్కడికీ పోదు, పరీక్షలు పోవు, డిగ్రీ పూర్తి చేయాల్సిన విద్యార్థులు పోరు. సమ్మె విరమించిన మర్నాటి నుంచి లెక్చరర్లు ఆగిపోయిన సెమిస్టర్‌ను మొదటినుంచీ పూర్తి చేశారు, పరీక్షలు పెట్టారు, పేపర్లు దిద్దారు, సెలవుల్లేకుండా తరువాతి సెమిస్టర్‌లోకి వెళ్లిపోయారు. ఎనిమిది నెలల పనిని కుదించి కొద్ది నెలల్లోనే చేశారు. పని జరిగింది, జీతం రాలేదు. ఉద్యోగం వదిలేయాలన్న ఆలోచనకు మిగతా కారణాలన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. మనిషి తక్కువ జీతానికి సర్దుకుంటాడు. చేసిన పనికి కూలి ఎగ్గొడితే ఆ చోట మళ్లీ మనసు నిలవదు.

జీతం కూడా ఎంతని? 2009 ఒప్పందం నాటి స్కేళ్లే పదమూడు పద్నాలుగేళ్లు నడిచాయి. సీనియర్ ప్రొఫెసర్‌కి కోతలు పోను చేతికొచ్చేది నాలుగు లక్షల నైరాల చుట్టుపక్కల అని అక్కడి ప్రొఫెసర్లు పదే పదే చెప్పిన లెక్క. 2009లో డాలరుకు 150 నైరాలు. ఆ లెక్కన నెలకు 2,600 డాలర్లు దాటేది. 2023 జూన్‌లో కొత్త ప్రభుత్వం నైరాను మార్కెట్‌కు వదిలేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి నాటికి డాలరు 1,500 నైరాలకు చేరింది. అదే నాలుగు లక్షలు 270 డాలర్లు కూడా కాలేదు. అదే సమయంలో పెట్రోలు సబ్సిడీ ఎత్తేశారు. క్యాంపస్‌కు రోజూ కారులో వచ్చే లెక్చరర్లు కారు ఇంట్లో పెట్టి, వారానికి రెండు మూడు రోజులే వచ్చి, అన్ని తరగతులూ ఆ రోజుల్లోనే తీసుకోవడం మొదలుపెట్టారు. ఒక అంతర్జాతీయ పత్రికలో వ్యాసం ప్రచురించడానికి అడిగే రుసుము ప్రొఫెసర్ మూడు నాలుగు నెలల జీతాన్ని మింగేసే స్థితి వచ్చింది. పరిశోధన చేయాలనుకునేవాడికి అక్కడ ఉండడమే అడ్డంకి అయింది.

ఎవరు వెళ్లారన్న దానికి లాగోస్ విశ్వవిద్యాలయం నుంచి ఒక లెక్క ఉంది. ఆ విశ్వవిద్యాలయ మాజీ వైస్ చాన్సలర్ ఒలువాటొయిన్ ఒగుండిపే బహిరంగంగా చెప్పిన లెక్క ఇది. 2015 నుంచి 2022 దాకా తమ దగ్గర ఫస్ట్ క్లాస్‌లో పాసైన 256 మందిని ఏరి అధ్యాపకులుగా తీసుకున్నారు. అక్కడ ఫస్ట్ క్లాస్ అంటే మన లెక్క కాదు, బ్యాచ్‌లో కొద్దిమందికే దొరికే గౌరవం. ఆ 256 మందిలో 2023 అక్టోబరు నాటికి మిగిలింది 17 మంది.

పదిహేడు మంది. మిగిలిన 239 మంది వెళ్లిపోయారు.

ఈ ఒక్క అంకె దగ్గర కొంచెంసేపు ఆగాలి. వీళ్లు సంఘం నాయకులు కారు, జైళ్లకు వెళ్లినవాళ్లు కారు. పాతికేళ్ల పిల్లలు. విద్యార్థులుగా ఒక సమ్మెలో డిగ్రీ ఆలస్యమైంది, లెక్చరర్లుగా మరో సమ్మెలో జీతం పోయింది. వాళ్లు తమ గైడ్‌ను చూశారు. అరవై ఏళ్లు దగ్గరపడిన మనిషి అప్పు చేసి ఇల్లు నడపడం చూశారు. నాకూ ఇదేనా అనుకున్నారు. బ్రిటన్, కెనడా, అమెరికాలలో పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్ రావడానికి ఫస్ట్ క్లాస్ డిగ్రీ బాగా పనికొస్తుంది. అందుకని సంస్థ ఎవరిని ఏరికోరి నిలుపుకోవాలనుకుందో వాళ్లే ముందు వెళ్లారు.

వెళ్లిపోయినవాళ్లు వదిలిన పని ఉన్నవాళ్ల మీద పడుతుంది. ఒక్కరే మూడు కోర్సులు చెప్పేచోట అయిదు చెప్పాలి. పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్లు దొరకరు. గైడ్లు లేకపోతే కొత్త పీహెచ్‌డీలు రావు, పీహెచ్‌డీలు రాకపోతే కొత్త లెక్చరర్లు రారు. 2012 నివేదికలో కనిపించిన 43 శాతం పెరగాల్సిన దారి ఇలా మూసుకుపోతుంది. అలసిపోయి మిగిలినవాళ్లలో నుంచి తరువాతి ఏడాది మరికొందరు బయల్దేరతారు. సమ్మె దెబ్బ సమ్మెతో ఆగకపోవడానికి కారణం ఇదే.

బోధనేతర సిబ్బంది గురించి ఎవరూ మాట్లాడరు. ల్యాబ్ టెక్నాలజిస్టులు, రిజిస్ట్రార్ ఆఫీసు ఉద్యోగులు, లైబ్రరీవాళ్లు, హాస్టల్ సిబ్బంది, వీళ్లలో చాలామందికి సాను, నాసు అని రెండు సంఘాలున్నాయి. వాళ్లూ 2022లో సమ్మె చేసి ఆగస్టులో విరమించారు. వాళ్లకూ నాలుగు నెలల జీతం ఆగింది. 2023 అక్టోబరులో కొత్త అధ్యక్షుడు బోలా టినుబు అధ్యాపకులకు ఆగిన జీతంలో నాలుగు నెలలది ఇవ్వమన్నారు. ఆ ఆదేశంలో వీళ్ల ఊసే లేదు. 2024 మార్చిలో వీళ్లు మళ్లీ హెచ్చరిక సమ్మెకు దిగితేగానీ తమనూ మనుషుల్లో లెక్కవేయమని అడిగినట్టు ప్రభుత్వానికి వినిపించలేదు. ప్రొఫెసర్‌కి టొరంటోలో ఉద్యోగం దొరకొచ్చు. ఇబాదన్ ల్యాబ్‌లో పాతికేళ్లు పనిచేసిన టెక్నీషియన్ ఎక్కడికి వెళ్తాడు? చాలామందికి విశ్వవిద్యాలయం వదలడమంటే చిన్న వ్యాపారంలోకో, ప్రైవేటు కాలేజీలోకో పోవడమే. ఇన్నేళ్లు నేర్చుకున్న పని అక్కడితో వృథా అయినట్టే.

ఈ వ్యవహారాన్ని అర్థం చేసుకోవడానికి ఒక పాత పుస్తకం పనికొస్తుంది. 1970లో ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ రాసినది. ఒక సంస్థ చెడిపోతున్నప్పుడు అందులోని మనిషికి రెండు దారులుంటాయని ఆయన చెప్పాడు. ఉండి గొంతెత్తడం, లేదా వెళ్లిపోవడం. ఆయనకు ఈ ఆలోచన పుట్టించింది నైజీరియా రైల్వేలే కావడం విశేషం. రైళ్లు చెడిపోతుంటే పెద్ద వ్యాపారులు లారీలకు మారిపోయారు. గట్టిగా అరవగలిగినవాళ్లు వెళ్లిపోవడంతో రైల్వేను బాగుచేయమని ఒత్తిడి తెచ్చేవాళ్లు మిగల్లేదు. యాభై ఏళ్ల తరువాత విశ్వవిద్యాలయాల్లోనూ అదే జరిగింది. 1999 తరువాత ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వందకు పైగా పుట్టాయి. డబ్బున్నవాళ్ల పిల్లలు వాటిలోకి, ఇంకా డబ్బున్నవాళ్ల పిల్లలు లండన్‌కు వెళ్లారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎనిమిది నెలలు మూతపడినా పాలకుల ఇంట్లో ఏ పిల్లా ఖాళీగా కూర్చోలేదు. సమ్మె అంత పొడవునా సాగడానికి ఇదొక కారణం. ఇక లెక్చరర్లకు సమ్మే వాళ్ల గొంతు. అది వినిపించదని తేలిపోయినప్పుడు మిగిలింది రెండో దారి.

నైజీరియా పేద దేశం కాబట్టి ఇలా జరిగిందనుకోవద్దు. బ్రిటన్‌లో 2018 నుంచి పెన్షన్ కోతల మీద, జీతాల మీద, పనిభారం మీద, ఏడాదికో రెండేళ్లకో ముగిసే కాంట్రాక్టు ఉద్యోగాల మీద విశ్వవిద్యాలయ సిబ్బంది వరసగా సమ్మెలు చేశారు. 2022 మార్చిలో అక్కడి సంఘం ఒక సర్వే ప్రచురించింది. జవాబిచ్చిన దాదాపు 7,000 మందిలో మూడింట రెండు వంతులు వచ్చే అయిదేళ్లలో ఈ రంగం వదిలి వెళ్లే అవకాశం ఉందని చెప్పారు. 2023 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మొదటివారం దాకా 145 విశ్వవిద్యాలయాల్లో పేపర్లు దిద్దడం ఆపారు. పేపర్లు దిద్దడం వాళ్ల పనిలో ఒక చిన్న భాగం. అయినా చాలా యాజమాన్యాలు రోజు జీతంలో సగం, కొన్ని పూర్తిగా కోసేశాయి. పాఠం చెప్పారు, మీటింగులకు వెళ్లారు, విద్యార్థులతో మాట్లాడారు, జీతం సున్నా. పెన్షన్ కోతలను 2024 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. సంఘం చెప్పిందే నిజమైంది. అప్పటికే వెళ్లిపోయినవాళ్లకు మాత్రం అది ఉపయోగపడలేదు.

అక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక భయం ఉండేది. ఉద్యోగ వీసా మీద ఉన్న విదేశీ అధ్యాపకులు జీతం లేకుండా ఒక హద్దు దాటి గైర్హాజరైతే వీసాకే ముప్పన్న నిబంధన ఉంది. సమ్మె రోజులు కూడా అందులో కలుస్తాయేమోనని 2018 సమ్మెలో భారతీయులతో సహా ఎందరో భయపడ్డారు. ఆ ఏడాది జులైలో హోం మంత్రి సాజిద్ జావిద్ సమ్మె రోజులకు మినహాయింపు ఇస్తున్నట్టు ప్రకటించారు. సమ్మెలో నిలబడాలంటేనే దేశం విడిచి వెళ్లాల్సి వస్తుందేమోనని లెక్కవేసుకోవాల్సిన మనిషికి, ఆ ఉద్యోగం మీద ఎంత ప్రేమ ఉన్నా గుండె నిబ్బరం ఉండదు.

సమ్మె చేసిన ప్రతిచోటా ఇలాగే జరుగుతుందనీ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2022 నవంబరు 14న దాదాపు 48,000 మంది పరిశోధక విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు సమ్మె మొదలుపెట్టారు. డిసెంబరు 23కల్లా ఒప్పందాలు ఖరారయ్యాయి. ఏ తేదీకి ఎంత జీతం పెరగాలో వాటిలో రాసుకున్నారు. బోధన సహాయకుల కనీస వేతనం 23,000 డాలర్ల చిల్లర నుంచి 2024 అక్టోబరుకల్లా 34,000 దాకా వెళ్లాలని తేదీతో సహా ఉంది. నైజీరియాలో లేనిది ఆ తేదీయే.

2023 డిసెంబరులో విశ్వవిద్యాలయాలను కేంద్రీకృత జీతాల వ్యవస్థ నుంచి తప్పించాలని నైజీరియా మంత్రివర్గం నిర్ణయించింది. 2022 సమ్మె డిమాండ్లలో ఒకటి అలా తీరింది. ఆ వ్యవస్థ తప్పని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, దాన్ని తీసేయమని సమ్మె చేసిన రోజులకు జీతం పట్టి ఉంచడానికి నైతికంగా ఏ ఆధారమూ మిగలదు. అయినా టినుబు ఇవ్వమన్న నాలుగు నెలలు పోను మిగిలిన మూడున్నర నెలల బకాయి అలాగే ఉండిపోయింది. 2025 అక్టోబరులో అసూ రెండు వారాల హెచ్చరిక సమ్మె పిలుపునిచ్చినప్పుడు ఆ డిమాండ్ల జాబితాలో ఆ మూడున్నర నెలలూ ఉన్నాయి.

2026 జనవరిలో అబుజాలో కొత్త ఒప్పందాన్ని విడుదల చేశారు. జీతాలు 40 శాతం పెరుగుతాయి. 2012లో జరగాల్సిన సమీక్ష పూర్తవడానికి పద్నాలుగేళ్లు పట్టింది. మంచి అడుగే, అందులో సందేహం లేదు. కానీ పాత నాలుగు లక్షలకు 40 శాతం కలిపితే 5,60,000 నైరాలు. డాలరు 1,400 దగ్గర ఉంటే అది 400 డాలర్లు. 2009లో అదే కుర్చీలో కూర్చున్న మనిషికి వచ్చినదాంట్లో ఆరో వంతు కూడా కాదు. ఆ లెక్క వెళ్లిపోయిన 239 మందికీ తెలుసు, వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకూ తెలుసు.

ఈ ఒప్పందాన్ని నమ్మించాలంటే ప్రభుత్వం ముందు చేయాల్సిన పని ఒకటుంది. 2022 బకాయిలో అధ్యాపకులకు గానీ, ల్యాబుల్లో ఆఫీసుల్లో పనిచేసే సిబ్బందికి గానీ ఒక్క నెల జీతం మిగిలి ఉన్నా దాన్ని ఇచ్చేయాలి. ఆ పాఠాలు చెప్పి, ఆ పేపర్లు దిద్ది, ఆ పిల్లలకు పట్టాలిచ్చి చాలాకాలమైంది.